సరుగుడు తోటలో నిచ్చెన: వైరస్ సాయంతో ప్రోటీన్ దిక్కు కనుక్కోవడం

వేసవి సెలవుల్లో నెల రోజులు లాప్‌టాప్ ముందు కూర్చుని ఏం చేశానో నాన్నకి చెప్పలేకపోయాను. "పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ రాస్తున్నా" అన్నాను. "దేనికి?" అన్నారు. "వైరస్ కలిపిన నీళ్లలో ప్రోటీన్ ఎటు వాలి ఉందో లెక్క కట్టడానికి." ఆయన స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు పని చేసిన మనిషి, సగం సగం జవాబులకి ఊరుకోరు. "నీళ్లలో వైరస్ ఎందుకు కలుపుతారు?" అని అడిగారు. నేను ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. నా దగ్గర పెద్ద పెద్ద మాటలున్నాయి, వాటి వెనక సంగతి మాత్రం లేదు. అది తెలుగులో చెప్పబోతేనే బయటపడింది. ఈ వ్యాసం నాన్న అడిగిన ఆ ప్రశ్నకి జవాబు. ఒత్తులూ దీర్ఘాలూ ఎడిటర్ అక్క చూసుకుంటుందని ధైర్యం.

ఈ పని నాకు తగిలించింది మా పెద్దమ్మ కూతురు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. "ఒరేయ్, నీకు కోడ్ వచ్చు కదా, నాకు ఒక చిన్న లెక్క చేసి పెట్టు" అంది. అది చిన్న లెక్కే. అర్థం చేసుకోవడానికే మూడు వారాలు పట్టింది.

ముందు ఎన్ఎంఆర్ అంటే ఏంటో చూద్దాం. హాస్పిటల్లో ఎంఆర్ఐ స్కాన్ అందరికీ తెలుసు. దానికి మూలం ఈ ఎన్ఎంఆరే. హైడ్రోజన్ పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకం ఒక బుల్లి అయస్కాంతం లాంటిది. దాన్ని పెద్ద అయస్కాంతంలో పెడితే ఒక నిర్దిష్టమైన రేడియో ఫ్రీక్వెన్సీకి స్పందిస్తుంది. స్కానింగ్ సెంటర్ యంత్రం మామూలుగా 1.5 లేదా 3 టెస్లాలు ఉంటుంది. ప్రోటీన్లు చూసే యంత్రం 16.4 టెస్లాలు ఉంటే హైడ్రోజన్ 700 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అందులోకి మనిషి వెళ్లడు. సన్నటి గాజు గొట్టంలో అర మిల్లీలీటర్ ద్రావణం వెళ్తుంది. ఒక్కో పరమాణువు తన చుట్టుపక్కల ఏముందో దాన్నిబట్టి కాస్త అటూ ఇటూగా పలుకుతుంది కాబట్టి, ఏ గీత ఏ పరమాణువుదో విడదీయొచ్చు.

ప్రోటీన్ ఆకారం కనుక్కోవడానికి ఎన్ఎంఆర్‌లో పాత పద్ధతి దూరాలు కొలవడం. రెండు హైడ్రోజన్లు ఐదారు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే ఒకదాని సంగతి ఇంకోదానికి తెలుస్తుంది. ఇది ఎలా ఉంటుందంటే, కొమ్మాదిలో దిగి ఇల్లు అడిగితే "మెడికల్ షాపు పక్క సందు, అందులో నీళ్ల ట్యాంకు, దాని ఎదురుగా" అని చెప్పినట్టు. ప్రతి ముక్కా నిజమే. కానీ అలా ఇరవై ముక్కలు దాటాక, మొదటి ఇంటికీ చివరి ఇంటికీ మధ్య దిక్కు ఎంత తేడా వచ్చిందో ఎవరికీ తెలీదు. చిన్న చిన్న తప్పులు పోగై పొడవాటి అణువు వంగిపోతుంది. కావాల్సింది దిక్సూచి. ప్రోటీన్‌లో ఈ చివర ఉన్న బంధమూ ఆ చివర ఉన్న బంధమూ ఒకే ఉత్తరాన్ని చూసి తమ కోణం చెప్పాలి.

అలా చెప్పగలిగేది ఒకటుంది. దాన్ని డైపోలార్ కప్లింగ్ అంటారు. పక్కపక్కనే ఉన్న నైట్రోజన్, హైడ్రోజన్ కేంద్రకాలు రెండూ బుల్లి అయస్కాంతాలే కదా, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుంది. ఎంత పడుతుందనేది ఆ బంధం పెద్ద అయస్కాంతంతో చేసే కోణం మీద ఆధారపడుతుంది. సూత్రం చిన్నదే: కోణం కొసైన్‌ని వర్గం చేసి, మూడుతో గుణించి, ఒకటి తీసేసి, సగం చెయ్యాలి. బంధం నిటారుగా ఉంటే 1 వస్తుంది. అడ్డంగా పడుకుంటే మైనస్ సగం. 54.7 డిగ్రీల దగ్గర సున్నా. ఈ సంఖ్యని సుమారు 21 కిలోహెర్ట్జ్‌తో గుణిస్తే నైట్రోజన్–హైడ్రోజన్ బంధానికి వచ్చే ప్రభావం తెలుస్తుంది.

మరి కొలిచేస్తే పోలేదా? నీళ్లలో ఉన్న ప్రోటీన్ ఒక్క క్షణం కూడా నిలబడదు. యుబిక్విటిన్ లాంటి చిన్న ప్రోటీన్ నాలుగైదు నానోసెకన్లలోనే తన దిక్కు మర్చిపోయేంతగా దొర్లుతూ ఉంటుంది. మన కొలతకి అన్ని దిక్కుల సగటే అందుతుంది, ఆ సగటు సరిగ్గా సున్నా.

నేను దీన్ని నమ్మలేదు. నిటారుకి 1, అడ్డానికి మైనస్ సగం అయితే సగటు సున్నా ఎలా అవుతుంది, ఏదో మిగలాలి కదా అనుకున్నా. పది లక్షల యాదృచ్ఛిక కోణాలు తీసి సగటు కట్టాను. 0.25 వచ్చింది! అక్కకి స్క్రీన్‌షాట్ పెట్టాను, పుస్తకం తప్పు అన్నట్టు. ఆమె ఒక్క మాట రాసింది: "గ్లోబు చూడు." అర్థం కావడానికి ఒక సాయంత్రం పట్టింది. నేను 0 నుంచి 180 డిగ్రీల దాకా అన్ని కోణాలకీ సమాన అవకాశం ఇచ్చాను. కానీ గ్లోబు మీద ధ్రువం దగ్గర పది డిగ్రీల పట్టీ చిన్న టోపీ అంత, భూమధ్యరేఖ దగ్గర అదే పది డిగ్రీల పట్టీ పెద్ద నడికట్టంత. అడ్డంగా పడుకోవడానికి ఉన్నన్ని దిక్కులు నిటారుగా నిలబడడానికి లేవు. కోణానికి బదులు దాని కొసైన్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా సమానంగా తీస్తే సగటు సున్నాకి దిగిపోయింది. ఆ తప్పు చేసినందుకు నాకు బాధ లేదు, ఆ సూత్రం నాకు అప్పుడే సొంతమైంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. అణువుని ఘనపదార్థంలో బిగించేస్తే ప్రతి జంటా కిలోహెర్ట్జ్‌లలో మోత మోగించి స్పెక్ట్రమ్ అలుక్కుపోతుంది. నీళ్లలో వదిలేస్తే ఏమీ మిగలదు. కావాల్సింది ఈ రెండింటి మధ్య, అదీ నీళ్ల వైపే బాగా మొగ్గిన చోటు. వెయ్యిలో ఒక వంతు మాత్రమే క్రమం ఉండాలి. 21 కిలోహెర్ట్జ్‌లో వెయ్యో వంతు అంటే 20 హెర్ట్జ్ చిల్లర. గీతలు సన్నగానే ఉంటాయి, సమాచారమూ తిరిగి వస్తుంది.

ద్రవ స్ఫటికాలలో అణువుల్ని వరసలో పెట్టి ఎన్ఎంఆర్ చూడడం కొత్తేమీ కాదు. సౌపే, ఎంగ్లర్ట్ 1963లోనే బెంజీన్‌తో చేశారు. మన దేశానికి చెందిన ఖేత్రపాల్, డీల్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1969లో ఆ విద్య మీద పుస్తకమే రాశారు. కానీ ఆ ద్రవ స్ఫటికాలు అణువుని గట్టిగా పట్టేస్తాయి. బెంజీన్‌కి ఆరు హైడ్రోజన్లే కాబట్టి సరిపోయింది. వందల హైడ్రోజన్లున్న ప్రోటీన్‌ని అలా పట్టుకుంటే చదవడానికి ఏమీ మిగలదు. 1995లో ప్రెస్టెగార్డ్ బృందం మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ తన అయస్కాంత గుణంతో తనే రవ్వంత వాలడం చూసి కొలిచింది. 1997లో జాండ్రా, బాక్స్ కొవ్వు పదార్థాలతో చేసిన బైసెల్ అనే పలచటి పళ్లేల మధ్య యుబిక్విటిన్‌ని వదిలి, కావాల్సినంత క్రమాన్ని మనమే తెప్పించుకోవచ్చని చూపించారు. అయితే ఆ పళ్లేలకి చాలా పట్టింపులు. గది వేడి కంటే పైకి తీసుకెళ్తే గానీ వరసలో నిలబడవు. మరుసటి ఏడాది, 1998లో, వైరస్‌లు రంగంలోకి వచ్చాయి. హాన్సెన్, ముల్లర్, పార్డీ ఒక వైపు, క్లోర్, స్టారిచ్, గ్రోనెన్‌బోర్న్ ఇంకో వైపు, దాదాపు ఒకేసారి ప్రకటించారు.

ఎందుకు వైరస్?

ఈ వైరస్ పేరు పీఎఫ్1. మనుషుల్ని ఏమీ చెయ్యదు, బ్యాక్టీరియాకి పట్టే వైరస్. ఇలాంటివాటిని ఫేజ్ అంటారు. ఇది పట్టే బ్యాక్టీరియా సూడోమోనాస్ ఎరుజినోసా మాత్రం హాస్పిటల్ వార్డుల్లో బాగా చెడ్డ పేరున్నదే. మామూలు ఫేజ్‌లు బ్యాక్టీరియాని పగలగొట్టి బయటికి వస్తాయి. ఈ దారపు జాతివి అలా కాదు, అది బతికుండగానే దాని పొరలోంచి దారంలా జారి వచ్చేస్తాయి. వీటి చుట్టమే ఎం13, దాని మీద పెప్టైడ్లు అతికించే పద్ధతికి 2018లో నోబెల్ వచ్చింది.

మనకి కావాల్సింది దీని ఆకారం. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు, లావు 6 నానోమీటర్లు చిల్లర. అంటే లావుకి మూడు వందల రెట్లు పొడవు. మధ్యలో 7,349 అక్షరాల ఒంటి పోగు డీఎన్ఏ, చుట్టూ సుమారు 7,300 ప్రోటీన్ ముక్కల తొడుగు. ఒక్కో ముక్కలో 46 అమైనో ఆమ్లాలు స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి, ఆ స్ప్రింగులన్నీ దాదాపు ఫేజ్ పొడవు వెంటే పడుకుని ఉంటాయి. ఒక్క స్ప్రింగుని అయస్కాంతం కదపలేదు. ఏడు వేలు ఒకే వైపు తిరిగి ఉన్నప్పుడు ఆ చిన్న చిన్న లాగుళ్లన్నీ కలిసి మొత్తం కడ్డీని అయస్కాంతం వెంట నిలబెడతాయి. పైగా పొడవాటి కడ్డీలు కొంత చిక్కగా చేరితే వాటంతటవే వరస కడతాయి. ఎందుకు కడతాయో ఆన్‌సాగర్ 1949లో లెక్క కట్టి చూపించాడు. అంతకు ముందే 1936లో బాడెన్, పిరీ పొగాకు మొక్క తెగులు వైరస్ ద్రావణంలో ఆ వరసని కళ్లారా చూశారు. ప్రకాశం, గుంటూరు పొగాకు రైతులు తిట్టుకునే ఆ మొజాయిక్ తెగులు వైరస్సే అది. క్లోర్ బృందం 1998లో వాడిన రెండు కడ్డీల్లో అదొకటి.

సరే, వైరస్‌లు వరసలో నిలబడ్డాయి. మధ్యలో ఉన్న ప్రోటీన్‌కి ఏమైంది? నాన్నకి చివరికి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఇక్కడే. భీమిలి రోడ్డులో సముద్రం పక్కన సరుగుడు తోటలు ఉంటాయి కదా. చెట్లన్నీ నిటారుగా ఉంటాయి. ఎన్ఎంఆర్ యంత్రంలో కూడా అయస్కాంత క్షేత్రం నిలువుగానే ఉంటుంది, ఫేజ్‌లు ఆ చెట్లు. ఇప్పుడు మీ చేతిలో ఒక నిచ్చెన ఉంది, కళ్లు మూసుకుని దాన్ని ఎటు పడితే అటు తిప్పుతూ తోటలో తిరుగుతున్నారు. అడ్డంగా పట్టుకున్నప్పుడు ఏదో ఒక చెట్టుకి కొట్టుకుంటుంది, ఆ స్థితి కుదరదు. నిలువుగా పట్టుకుంటే దూరిపోతుంది. ఎవరూ నిచ్చెనని పట్టుకుని నిలబెట్టలేదు. అది చాలా వరకు స్వేచ్ఛగానే తిరుగుతోంది. కుదరని స్థితులు కొన్ని తీసేస్తే మిగిలిన లెక్కలో నిలువు కొంచెం ఎక్కువైంది, అంతే. వెయ్యిలో ఒక వంతు క్రమం అంటే ఇదే. చేతిలో నిచ్చెన బదులు ఫుట్‌బాల్ ఉంటే ఏ తేడా రాదు, అందుకే బాగా గుండ్రంగా ఉండే ప్రోటీన్ ఇలా గుద్దుకోవడం వల్ల పెద్దగా వాలదు.

ఇది విని నాన్న అడిగిన తర్వాతి ప్రశ్న నాకు చాలా నచ్చింది: "చెట్లు ఎక్కువ నాటితే?" సరిగ్గా అదే! ఫేజ్ ఎక్కువ కలిపితే క్రమం పెరుగుతుంది, పలచన చేస్తే తగ్గుతుంది. హాన్సెన్ బృందం తమ పేపర్ శీర్షికలోనే చెప్పుకున్న గొప్ప ఇది, మనకి కావాల్సినంతకి తిప్పుకోగల క్రమం. మిల్లీలీటర్‌కి 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో, అంటే నూటికి ఒక వంతు కలిపితే చాలా ప్రోటీన్లకి పని జరిగిపోతుంది. రేడియోకి వాల్యూమ్ బటన్ ఉన్నట్టు దీనికి పిపెట్ ఉంది. పని అయ్యాక అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే బరువైన ఫేజ్ అడుక్కి చేరుతుంది, కష్టపడి తయారు చేసుకున్న ప్రోటీన్ పైన నీళ్లలో మిగులుతుంది.

ఫేజ్ వరసలో నిలబడిందో లేదో తెలుసుకోవడానికి కూడా ఒక తెలివైన పద్ధతి ఉంది. శాంపిల్‌లో ఎలాగూ కొంచెం భారజలం కలుపుతారు. మామూలుగా అందులోని డ్యూటీరియం ఒక్క గీతే ఇస్తుంది. ఫేజ్‌ల మధ్య నీటి అణువులు కూడా రవ్వంత వాలతాయి కాబట్టి ఆ గీత రెండుగా చీలుతుంది. చీలిక ఎంత ఉంటే ఫేజ్ అంత ఉన్నట్టు. ప్రోటీన్ జోలికి వెళ్లకుండానే తోట చిక్కదనం తెలిసిపోతుంది.

తర్వాత అసలు కొలత. నైట్రోజన్–హైడ్రోజన్ జంట గీత మామూలు నీళ్లలోనే సుమారు 93 హెర్ట్జ్ ఎడంతో చీలి ఉంటుంది, దిక్కుతో సంబంధం లేని వేరే కారణం వల్ల. ఫేజ్ కలిపాక అదే ఎడం ఒక చోట 80 అవుతుంది, ఇంకో చోట 105. ఆ తేడానే మనకి కావాల్సిన సంఖ్య. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో తేడా.

నా వంతు

ఇక్కడి నుంచి మన బ్రాంచి వాళ్ల పని. అణువు సగటున ఎటు ఎంత వాలిందో చెప్పడానికి 3×3 మాత్రిక ఒకటి చాలు. తొమ్మిది గళ్లు. అటు ఇటు సమానం కాబట్టి ఆరు మిగులుతాయి. కర్ణం మీద మొత్తం సున్నా కావాలి కాబట్టి ఐదు. ఈ ఐదు తెలియని సంఖ్యలకి, కొలిచిన ప్రతి జంటా ఒక సమీకరణం ఇస్తుంది. యుబిక్విటిన్‌లో 76 అమైనో ఆమ్లాలు. ఐదు తెలియనివాటికి అరవై పైచిలుకు సమీకరణాలు వస్తాయి. ఎస్‌వీడీ అనే పద్ధతితో ఒక్క లైన్‌లో తేలిపోతుంది. సెకండ్ ఇయర్ మ్యాథ్స్‌లో నేను ఎందుకు పనికొస్తుందిరా బాబూ అనుకుంటూ బట్టీ పట్టింది ఇదే.

అక్క తన సొంత డేటా ఇచ్చే ముందు పబ్లిక్‌గా దొరికే యుబిక్విటిన్ కొలతల మీద సాధన చెయ్యమంది. అవి బైసెల్స్‌లో కొలిచినవి, లెక్క మాత్రం ఒకటే. ఆకారానికి 1987లో విజయ్ కుమార్, బగ్, కుక్ ఇచ్చిన స్ఫటిక నిర్మాణం తీసుకున్నా. అందులో హైడ్రోజన్లు ఉండవు, అవి మనమే అతికించుకోవాలి. ప్రోగ్రామ్ నడిచింది. ఐదు సంఖ్యలు వచ్చాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. కొలిచిన విలువలకీ లెక్కలో వచ్చిన విలువలకీ గ్రాఫ్ గీస్తే మాత్రం గీత రావాల్సిన చోట మేఘం వచ్చింది. తేడాని కొలిచే క్యూ అనే సంఖ్య సున్నాకి దగ్గరగా ఉండాలి, నాది 0.8 దాటింది. బహుశా స్ఫటికంలో ఉన్న ఆకారం నీళ్లలో ఉండదేమో అని నేను ఒక పెద్ద సిద్ధాంతమే తయారు చేశా. అక్కకి ఫోన్‌లో చెప్పాను కూడా. అక్క అంతా విని, "ప్రోలీన్లు ఏం చేశావ్?" అంది.

ప్రోలీన్ అనే అమైనో ఆమ్లానికి ఆ నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉండదు. హైడ్రోజన్ లేకపోతే కొలత లేదు. యుబిక్విటిన్‌లో 19, 37, 38 స్థానాల్లో ప్రోలీన్లు ఉన్నాయి. ఫైల్‌లో ఆ వరసలు లేవు. ఇంకో ఒకటి రెండు కూడా లేవు. నేను ఫైల్‌లోని నంబర్ చదవకుండా వరస క్రమాన్నే నంబర్ అనుకున్నాను. 18 దాకా అంతా సరే. అక్కడి నుంచి ప్రతి కొలతా పక్కవాడి పేరు మీద నమోదైంది, 38 దాటాక ఇంకా దూరపువాడి పేరు మీద. యుబిక్విటిన్‌లో 23 నుంచి 34 దాకా ఒక స్ప్రింగు భాగం ఉంది, అందులో బంధాలన్నీ దాదాపు ఒకే దిక్కుకి ఉంటాయి కాబట్టి విలువలు కూడా గుంపుగా వస్తాయి. నా గ్రాఫ్‌లో ఆ గుంపు ముందే మొదలైపోయింది. అక్కకి అనుమానం వచ్చింది అది చూసే. సరిచేశాక క్యూ 0.2 చుట్టుపక్కలకి దిగింది.

నన్ను భయపెట్టింది తప్పు కాదు, ఎస్‌వీడీ నోరు మెదపకపోవడం. చెత్త ఇచ్చినా అది మర్యాదగా ఐదు సంఖ్యలు ఇస్తుంది. గ్రాఫ్ గీయకుండా ఆ ఐదే అక్కకి పంపి ఉంటే, వాటి మీద ఆమె ఇంకో నెల పని కట్టుకునేది.

ఈ పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి. ఒక బంధానికి ఒక విలువ వచ్చిందంటే దిక్కు తెలిసిపోయినట్టు కాదు. ఒకే విలువ ఇచ్చే దిక్కులు బోలెడు, అవన్నీ కలిసి ఒక గరాటు అంచులా ఉంటాయి. పైగా తల ఎటో తోక ఎటో తెలీదు, రెండింటికీ ఒకే విలువ. అందుకే వీలైతే ఇంకో మాధ్యమంలో కూడా కొలుస్తారు. అక్కడ అణువు వేరేగా వాలుతుంది, రెండు గరాట్ల అంచులు కలిసే చోట్లు కొన్నే ఉంటాయి. బైసెల్స్ గుద్దుకోవడం వల్ల వాలుస్తాయి. పీఎఫ్1 దానితో పాటు విద్యుదావేశంతో కూడా వాలుస్తుంది. ఫేజ్ ఒళ్లంతా రుణావేశం. ఆర్ఎన్ఏ, డీఎన్ఏలకి కూడా రుణావేశమే కాబట్టి అవి ఫేజ్‌కి అంటుకోకుండా దూరంగా జరిగి హాయిగా వాలతాయి. పార్డీ బృందం ఆర్ఎన్ఏ మీద పని చేసేవాళ్లు, వాళ్లకి ఇది కలిసొచ్చింది.

మన దగ్గర ఈ విద్యకి యంత్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీలో, గోపన్‌పల్లి టీఐఎఫ్ఆర్‌లో ఎన్ఎంఆర్ యంత్రాలు నడుస్తున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు ద్రవ స్ఫటికాల మీద ఎన్ఎంఆర్ చాలా ఏళ్లు చేశారు. మనకి ఇంకా దగ్గరగా, హౌరా లైన్‌లో వెళ్తే వచ్చే బరంపురం ఐసర్‌కి తొలి డైరెక్టర్ కె.వి.ఆర్. చారి, ఆయన టీఐఎఫ్ఆర్‌లో పని చేసిన ఎన్ఎంఆర్ శాస్త్రవేత్త. గోవిల్‌తో కలిసి ఆయన రాసిన ఎన్ఎంఆర్ పుస్తకం 2008లో వచ్చింది. ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ప్రోటీన్ తెలియని నాలాంటి వాళ్లకి మొదటి అధ్యాయాలు కష్టంగానే ఉంటాయి, ముందే చెప్తున్నా.

అక్క ప్రోటీన్ సంగతి ఏమైందని నాన్న మొన్న మళ్లీ అడిగారు. అది ధనావేశం ఉన్న ప్రోటీన్. ఫేజ్ కలపగానే వెళ్లి చెట్లకి అతుక్కుపోయింది. అతుక్కుంటే తిరగడం ఆగిపోతుంది, గీతలు లావెక్కి కనపడకుండా పోతాయి. ఉప్పు పెంచితే ఆవేశాల మధ్య లాగుడు తగ్గుతుంది. కానీ ఉప్పు మరీ ఎక్కువైతే యంత్రంలో సిగ్నల్ బలహీనపడుతుంది. అక్క ఇప్పుడు కొంచెం కొంచెంగా ఉప్పు వేసుకుంటూ వెళ్తోంది. నా ప్రోగ్రామ్ సిద్ధంగా ఉంది, ఈసారి నంబర్లు ఫైల్‌లోంచే చదువుతుంది. "ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తే తెలీదేట్రా" అన్నారు నాన్న.